బుట్టలో పన్నెండు ఫోన్లు

అధ్యక్షులు ఆంజనేయులు గారూ, బందరు నుంచీ గుడివాడ నుంచీ పనులు మానుకుని వచ్చిన న్యాయవాద మిత్రులారా, గుమాస్తా సోదరులారా, హంసలదీవి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రాజకుమారి పుట్టింటివారూ, ముందు వరసలో కూర్చున్న ఆమె భర్త ప్రసాద్ గారూ, అమ్మా నవ్యశ్రీ,

ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక వరండాలో కూడా నిలబడ్డారు. మన బార్ లైబ్రరీ హాలు ఇలా నిండగా నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఇదే హాలు. ఇవే కుర్చీలు. శనివారం సాయంత్రం ఒక్క గంట రండి, కంప్యూటర్ నేర్పుతాను అని రాజకుమారి మనల్ని ఇదే హాల్లోకి పిలిచింది. అప్పుడు మనమెక్కడున్నాం?

నేను కోపంగా మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు అనడం సభామర్యాద. ఆ మర్యాద ఇవాళ నావల్ల కాదు. కోపంగానే మాట్లాడుతున్నాను. నలభై నాలుగేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటి సభల్లో ఓ ముప్పైసార్లు మాట్లాడి ఉంటాను. తీరని లోటు అన్నాను. భర్తీ కాని స్థానం అన్నాను. ఇంటికెళ్ళి చక్కగా అన్నం తిని పడుకున్నాను. ఇవాళ ఆ మాటలు నోటికి రావడం లేదు.

వెనక ఫ్లెక్సీ మీద 'శ్రీమతి రాజకుమారి గారు, అడ్వకేట్' అని రాయించారు. బాగుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లగా టైపు పరీక్ష ప్యాసై నా ఆఫీసుకి వచ్చింది. నా దగ్గర టైపు చేస్తూనే డిగ్రీ చదివింది, లా చదివింది, నల్లకోటు వేసుకుంది. కోటు వేసుకున్నాక కూడా మనం ఏమని పిలిచాం? 'ఆ టైపమ్మాయి' అన్నాం. నేనైతే ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా 'గారు' అనలేదు. ఇప్పుడు అంటే అది నటన అవుతుంది. అందుకే ఇవాళ కూడా రాజకుమారి అనే అంటాను. ఈ తప్పు తప్పుగానే ఉండనివ్వండి.

ఈ బల్ల మీద రెండు వస్తువులున్నాయి, చూడండి. ఒకటి ఈ కాగితం. మన కార్యవర్గం నిన్న తయారుచేసిన సంతాప తీర్మానం. రెండోది ఈ నీలం రంగు వైరు బుట్ట. అది ఎవరిదో మీకందరికీ తెలుసు. అందులో ఏముందో కూడా తెలుసు.

తీర్మానంలో మొదటి పేరా సంతాపం. రెండో పేరా చదువుతాను, వినండి. 'రాజకుమారి గారి కుమార్తె కుమారి నవ్యశ్రీని కారుణ్య దృష్టితో బార్ ఈ-ఫైలింగ్ సహాయకురాలిగా నియమించి, సదరు బుట్టలోని పన్నెండు ఫోన్లను ఆమెకు అప్పగించవలెనని తీర్మానించడమైనది.'

కారుణ్యమట! తల్లి పోయి పదకొండు రోజులు. పిల్ల బందరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం, వచ్చే నెల పరీక్షలు. ఆ పిల్ల చేతికి మనం ఈ బుట్ట ఇస్తామట, దానికి కారుణ్యమని పేరు పెడతామట. అయ్యా, నేను ఈ పేరాని వ్యతిరేకించడానికే లేచాను. ఎందుకు వ్యతిరేకిస్తున్నానో చెప్పాలంటే నా సిగ్గుమాలినతనం కూడా చెప్పుకోవాలి. చెప్పుకుంటాను.

కోడూరు దగ్గర పోతయ్య అని ఒక రైతు. ఎకరం పాతిక సెంట్ల మాగాణి. పక్కన రొయ్యల చెరువు తవ్వారు. చెరువులో ఉప్పునీళ్ళు తెల్లారకముందే తూము ఎత్తి అతని చేలోకి వదిలేవాళ్ళు. నారు ఎర్రబడి చచ్చిపోయేది. పోతయ్య పెద్దగా చదువుకోలేదు గానీ తెలివైనవాడు. మూడు రోజులు గట్టు మీద కాపు కాసి, నీళ్ళు వదలడం ఫోన్లో వీడియో తీశాడు. తారీఖు కూడా తనే గట్టిగా చెప్పాడు అందులో. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అంతకంటే బలమైన సాక్ష్యం ఏ ప్లీడరుకి దొరుకుతుంది? నేనేం చేశానో తెలుసా? స్టూడియోకి పంపాను. వీడియోలోంచి ఎనిమిది బొమ్మలు తీయించి, రంగుల్లో పెద్దవి చేయించి, పెళ్ళి ఆల్బంలా కట్టించి దావాకి జతచేశాను. కాగితం మీదకి ఎక్కితేనే సాక్ష్యం. మనందరం నేర్చుకున్న చదువు అదే కదా!

డిక్టేషన్ పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ రాజకుమారి అంది: "సార్, అసలు వీడియో ఉన్న ఫోన్ జాగ్రత్త చెయ్యమని చెబుదామండీ. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి, దానికి సర్టిఫికెట్ వేద్దామండీ. లేకపోతే రేపు చెల్లదంటారేమోనండీ."

నేనన్నాను: "నువ్వు టైపు చెయ్యమ్మా. లా నేను చూసుకుంటాను."

చూసుకున్నాను, బ్రహ్మాండంగా చూసుకున్నాను! ఆరేళ్ళ తర్వాత పోతయ్య బోనెక్కాడు. ఈ ఫొటోలు తీసిన ఫోన్ ఏదని అవతలి ప్లీడరు అడిగాడు. పోతయ్య నావైపు చూసి అమాయకంగా చెప్పాడు: "అది పాడైతే కొట్టులో ఇచ్చేసి కొత్తది తీసుకున్నానండీ. ఫొటోలు మా ప్లీడరు గారి దగ్గర ఉన్నాయి కదండీ." ఫోన్ లేదు. కాపీ లేదు. సర్టిఫికెట్ లేదు. ఆల్బం మాత్రం నిగనిగలాడుతోంది. దావా కొట్టేశారు. జడ్జిగారిని ఏమీ అనలేను, చట్టం ఏనాటి నుంచో అదే చెబుతోంది. చదవనివాణ్ణి నేను.

పోతయ్య చేను ఉప్పు పట్టిపోయింది. ఇప్పుడు అదే రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. బస్సులో కనబడితే ఇప్పటికీ లేచి నాకు సీటిస్తాడు. కూర్చోలేక నేను తర్వాతి స్టాపులో దిగిపోతాను.

ఆ తీర్పు వచ్చిన రోజు రాజకుమారి నన్ను దెప్పవచ్చు. నేను చెప్పానుగా సార్ అనవచ్చు. అనలేదు. సాయంత్రం వచ్చి ఇంతే చెప్పింది: "సార్, శనివారాలు లైబ్రరీలో ఒక గంట కూర్చుందామండీ. కంప్యూటరంటే ఏంటో మొదట్నించీ చెప్తాను. మనకి తెలీక క్లయింటు మునిగిపోకూడదండీ."

అదీ శనివారం క్లాసు పుట్టిన కథ. ఏదో సరదాకి పెట్టిందని అనుకునేవాళ్ళకి చెబుతున్నాను. ఆ క్లాసు కింద ఒక మనిషి చేను ఉంది.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చాం. ఎందుకొచ్చాం? పకోడీలు పెడతానంది కాబట్టి. మనలో ఒక పెద్దాయన మౌసుని బల్ల మీంచి ఎత్తి టీవీ రిమోట్‌లా తెరవైపు గురిపెట్టారు. పేరు చెప్పను, ఆయన అధ్యక్ష స్థానంలో ఉన్నారు. నవ్వండి, ఫర్వాలేదు, ఆవిడ కూడా నవ్వేది. కానీ ఎవరూ చిన్నబోకుండా నవ్వేది. తెర ఆపితే కంప్యూటర్ ఆగినట్టు కాదని నాకు నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచలేదు.

ఎంత బాగా చెప్పేదండీ! "మీ టేబుల్ మీద తెరిచి పెట్టుకున్న ఫైళ్ళు ర్యామ్ అండీ. వెనక బీరువా హార్డ్‌డిస్క్. కరెంటు పోతే టేబుల్ మీదవి గాలికి పోతాయి, బీరువాలోవి ఉంటాయి. సేవ్ నొక్కడమంటే బీరువాలో పెట్టడం." అంతే. నలభై ఏళ్ళు బీరువాల మధ్య బతికినవాణ్ణి, ఇంక మర్చిపోతానా? వీడియో కాపీకి హ్యాష్ నంబరు ఎందుకని అడిగితే, పార్సిలు మూట మీద లక్క ముద్ర ఎందుకని ఎదురడిగింది. ముద్ర చెదిరిందంటే మూట ఎవరో విప్పారని అర్థం. ఇంటర్నెట్ గురించి చెప్పాల్సి వస్తే మన కాలవల లెక్కలో చెప్పింది. పెద్ద కాలవ నుంచి పిల్లకాలవ, అక్కణ్ణించి బోదె, బోదె నుంచి మన చేను. నీరు ఏ తూము దాటి వస్తోందో తెలియకుండా చేలోకి పెట్టుకోకండి, ఎవరు పంపారో తెలియని లింకు నొక్కకండి అంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఈ హాల్లో ఆవిడ చెప్పిన ఆ గంట ఒక ఎత్తు.

రెండో శనివారం ఎంతమంది వచ్చాం? ఆరుగురం. నాలుగో శనివారం? ఒక్కరూ రాలేదు. నామోషీ! టైపమ్మాయి ముందు బల్లమీద కూర్చుని ఓనమాలు దిద్దడమా? పోనీ మానేశామా అంటే మానేయలేదు, మన గుమాస్తాలని పంపాం. కోర్టులో వాయిదా అడగడానికి జూనియర్‌ని పంపినట్టు, చదువుకోవడానికి గుమాస్తాని పంపాం. ఆకలేస్తే మన బదులు గుమాస్తా అన్నం తింటాడా? ఆవిడ మాత్రం వచ్చినవాళ్ళకే శ్రద్ధగా చెప్పింది. ఇవాళ ఈ బార్‌లో కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఎవరయ్యా అంటే ఆ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ గుమాస్తాలు. మనం కాదు.

తర్వాత ఈ-ఫైలింగ్ వచ్చింది. ప్రతి ప్లీడరుకి ఒక ఖాతా, ఒక పాస్‌వర్డు, ఒక ఫోన్ నంబరు. ఫైలు వేయాలంటే ఫోనుకి ఆరంకెల ఓటీపీ వస్తుంది. అప్పుడు మళ్ళీ క్లాసు పెట్టింది. మళ్ళీ ఆరుగురమే వచ్చాం. ఆ రోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, నాకింకా కళ్ళకి కడుతోంది: 'ఓటీపీ అంటే మీ వేలిముద్ర. ఎవ్వరికీ చెప్పకూడదు. నాకు కూడా.'

నాకు కూడా! అండర్‌లైన్ చేసి మరీ రాసింది.

మరుసటి సోమవారం నేనేం చేశాను? ఒక కొత్త సిమ్ము తీసుకున్నాను. ఇంట్లో మూలపడున్న బటన్ ఫోన్లో వేశాను. ఆ నంబరు మీద ఖాతా తెరిపించాను. ఫోన్ తెచ్చి రాజకుమారి చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచమ్మా, ఇవన్నీ ఎవడు చూస్తాడు" అన్నాను. నేనంటే సీనియర్ని. నన్ను చూసి ఇంకొకరు, ఆయన్ని చూసి మరొకరు. నెల తిరిగేసరికి పన్నెండు ఫోన్లు. పన్నెండు ఖాతాలు. పన్నెండింటికీ పాస్‌వర్డు భార్య పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ప్రపంచంలో ఏ వృత్తివాళ్ళయినా తమ సంతకం చేసే చెయ్యి తీసి ఇంకొకరి బుట్టలో పెట్టి ఇంటికి వెళ్తారా? మనం వెళ్ళాం. క్లయింటు సంతకం తేడాగా ఉంటే గంట సేపు క్రాస్ చేసే మనం!

ఒక్కసారే ఆవిడకి కోపం రావడం చూశాను. "సార్, ఇవి ఫోన్లు కావండీ. పన్నెండుమంది పెద్దమనుషుల బొటనవేళ్ళు. ఇవి మోసుకుని నేను కోడూరు బస్సెక్కుతున్నాను. ఎక్కడైనా జారిపోతే నా గతేంటండీ?" అంది. నేను నవ్వాను. "నీ దగ్గర జారవులేమ్మా" అన్నాను. దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను నేను!

జారలేదు. రోజూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి, వంటింట్లో గ్రైండర్ పక్కన వరసగా పెట్టి ఛార్జింగ్ ఎక్కించి, పొద్దున్నే అన్నం క్యారియర్ ఒక చేత్తో, ఈ బుట్ట ఇంకో చేత్తో పట్టుకుని వచ్చేది. మనం ఎవరమైనా ఏనాడైనా ఆ బుట్ట ఎత్తి చూశామా, ఎంత బరువుందో?

రాజకుమారీ, నీ మీద కూడా నాకు కోపంగా ఉంది. ఫొటోలో అలా నవ్వుతూ కూర్చుంటే సరిపోదు. ప్రపంచానికంతా నేర్పావే, 'కుదరదండీ' అన్న ఒక్క ముక్క నువ్వెందుకు నేర్చుకోలేదు? నా మొహాన ఆ ఫోన్ విసిరికొట్టి ఉంటే నేను నేర్చుకుని చచ్చేవాణ్ణి కదా! నీ మంచితనం నీకూ చేటు చేసింది, మమ్మల్నీ చవటల్ని చేసింది.

ఆ మంగళవారం పొద్దున బస్టాండులో పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అంబులెన్సులో ప్రసాద్ గారు ఆమె తల పట్టుకుని కూర్చుంటే, నవ్యశ్రీ ఒళ్ళో ఈ బుట్ట ఉంది. అమ్మ చేతిలోది కదా, పారేయలేదు ఆ పిల్ల. మూడు రోజులు ఐసీయూ బయట బెంచీ మీద ఈ బుట్టతో కూర్చుంది.

మూడు రోజుల్లో ఈ బుట్టలోని ఫోన్లకి పంతొమ్మిది ఓటీపీలు వచ్చాయి. నేను చెప్పడం కాదు, ఫోన్లలో ఉన్నాయి, తారీఖు టైముతో సహా. ఆవిడ నేర్పిన చదువే. డిజిటల్ సాక్ష్యం అబద్ధం చెప్పదు. పంతొమ్మిదిసార్లు ఎవరో ఒకరు ఆ పిల్లకి ఫోన్ చేసి, 'అమ్మా, ఒక్కసారి ఆ నంబరు చదువు' అన్నారు. పంతొమ్మిదిసార్లూ చదివింది.

అయ్యా, ఏం కొంప మునిగింది? గడువు దాటిందా? ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్లు ఏడాదికి ఎన్ని వేస్తాం మనం? క్లయింటుకి జ్వరమొచ్చిందని వేస్తాం. కాలవకి గండి పడిందని వేస్తాం. రాని తుపానుకి కూడా వేసినవాళ్ళున్నారు ఈ హాల్లో. 'మా రాజకుమారి ప్రాణం మీదకి వచ్చింది, అందువల్ల ఆలస్యమైంది' అని ఒక్క పిటిషన్, ఒక్కటంటే ఒక్కటి, మనలో ఎవరికీ వేయాలనిపించలేదా?

నాకు అనిపించలేదు. ఆ పంతొమ్మిదిలో ఆఖరిది నాది.

గురువారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఒక అప్పీలుకి అదే ఆఖరి రోజు. నవ్యశ్రీకి ఫోన్ చేశాను. అమ్మకెలా ఉందని ముందు అడిగాననే ఇన్ని రోజులూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ముందు ఓటీపీ అడిగాను. అమ్మకెలా ఉందని తర్వాత అడిగాను. నేను అడిగిన వరస అదీ. ఆ పిల్ల కూడా అదే వరసలో జవాబు చెప్పింది. ఆరంకెలు నిదానంగా, ఒక్కొక్కటే చదివింది. రాసుకున్నారా అండీ అని అడిగింది. రాసుకున్నానన్నాను. అప్పుడు చెప్పింది: "అమ్మ ఇందాకే పోయిందండీ."

నేనేం చేశాను? ఏడ్చాను. ఏడుస్తూనే ఆ ఆరంకెలు కొట్టాను. ఫైలింగ్ పూర్తయిందని తెర మీద పచ్చగా వచ్చింది.

నాకు ఇంకేం శిక్ష వెయ్యాలో మీరే ఆలోచించండి. కానీ ఆ పిల్ల ఒళ్ళోకి మళ్ళీ ఈ బుట్ట వెళ్ళడానికి వీల్లేదు.

ఇదిగో, నా పెన్నుతో రెండో పేరా కొట్టేస్తున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. ఆంజనేయులు గారూ, మీరూ ఎత్తలేదు. సంతోషం. నవ్యశ్రీ ఏం చదువుకుంటుందో, ఎక్కడ పనిచేస్తుందో ఆ పిల్ల ఇష్టం. ఈ బార్‌కి రాజకుమారి చేసిన చాకిరీకి వారసులు అక్కర్లేదు.

ఈ బుట్టలోంచి నా ఫోన్ నేను తీసుకుంటున్నాను. తప్పు మొదలుపెట్టినవాణ్ణి నేనే కాబట్టి ముందు నాదే. వెనక తెల్ల ప్లాస్టర్ అంటించి పేరు రాసింది. చదువుతాను. 'నరసింహారావు గారు.' ఇంత చిన్న ప్లాస్టర్ ముక్క మీద, చోటు చాలకపోతే అక్షరాలు ఇరికించి మరీ, గారు అని కూడా రాసింది.

ఇంకా పదకొండున్నాయి. సభ అవగానే ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకోండి. గుమాస్తాని పంపకండి. పాస్‌వర్డు మార్చుకోవడం రాకపోతే ఈ శనివారం సాయంత్రం నాలుగున్నరకి ఇక్కడికి రండి. క్లాసు ఉంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న గుమాస్తాలు చెబుతారు, మనం కూర్చుని నేర్చుకుందాం. పకోడీలు ఉండవు.

ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం. మీ జేబుల్లో ఫోన్లు ఆపుకోండి. ఈ బుట్టలోవి మాత్రం నేను ఆపలేదు, అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. మోగితే మోగనివ్వండి. ఎవరిదో అందరం విందాం.

లేవండి.

నవ్యశ్రీ, నువ్వు లేవకమ్మా. కూర్చో. ఇవాళ ఏది మోగినా నువ్వు తియ్యక్కర్లేదు.